దెయ్యానికి బదిలీ

కథకు నిజం రుచి రావాలని దెయ్యం ఇంటికి అసలైన క్వార్టర్ నంబరు పెట్టిన తెలివి నాదే. మేముండే బిలాస్‌పూర్ రైల్వే కాలనీ మీద నేను తీసే భయం వీడియోలు అప్పటిదాకా నన్ను తప్ప ఎవరినీ భయపెట్టలేదు. ఇది మాత్రం ప్రతి ఫోన్‌లోకీ పాకింది.

ఆ నెలలోనే, దగ్గర్లోని కోటా అనే చిన్న ఊరికి వెళ్లే ప్యాసింజర్‌లో, ఎదురు సీటు పెద్దావిడ నా తెలుగు విని పలకరించి, చేతిలో చేగోడీలు పెట్టింది. ఎక్కడుంటారని అడిగితే క్వార్టర్ నంబరుతో సహా చెప్పింది. నా దెయ్యం ఇల్లే.

"మా ఇంట్లో దెయ్యముందని ఎవడో వీడియో తీసేడంట బాబూ. మా ఆయనకి పక్షవాతం. లేపి కూకోబెట్టే మనిషి ఆ బయానికి మానేసింది. కొడుకు డ్యూటీకెల్తే నానొక్కద్దాన్నీ లేపలేకపోతన్నాను. కోటాలో ఎవరైనా దొరుకుతారేటోనని ఎల్తన్నాను. ఆడెవడో నీకేటైనా తెలుసా?"

నోట్లో చేగోడీ ఉందని వేలితో చూపించాను. అది అయిపోగానే ఇంకోటి పెట్టుకున్నాను.

"అచ్ఛా, నీకేటి తెలుస్తాది పాపం. ఇంకో రెండు తిను," అంది.

తీసినవాణ్ని నేనే కాబట్టి ఇంటికొచ్చి ఆ వీడియో తీసేశాను. జనం ఫోన్లలోంచి తీయడం మాత్రం నా తరం కాలేదు. ఆవిడ గడప తొక్కే ధైర్యమూ చాలలేదు. చివరికి ఆ వీడియో తీసినవాడి మీద నాకు చేతనైన కక్ష తీర్చుకున్నాను. రెండో భాగంలో దెయ్యానికి బదిలీ వేయించి, మా క్వార్టర్ నంబరు ఇచ్చాను.

ఆవిడ ఇంటికి మనిషి తిరిగొచ్చిందో లేదో తెలియదు. మా ఇంటికి మాత్రం పనిమనిషి రావడం మానేసింది. గిన్నెలు నేనే తోముతున్నాను.