హిందీలో చెప్పే అమ్మాయి

సహోదరులారా, సహోదరీలారా, ప్రభువు నామంలో మీ అందరికీ వందనాలు. నేను ఈ డబ్ల్యూఆర్ఎస్ కాలనీలోనే పుట్టి పెరిగాను, నాన్నగారు ఇక్కడి రైల్వే వ్యాగన్ వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యారు. ఈ మైకు నాకు కొత్త కాదు, తెలుగులో ఎవరు సాక్ష్యం చెప్పినా పక్కన నిలబడి మాటవెంట మాట హిందీలో చెప్పేది నేనే కదా! నా సాక్ష్యం చెప్పుకోవడం మాత్రం ఇదే మొదలు.

టాటీబంధ్ దగ్గర ఒక ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో కంప్యూటరు ముందు కూర్చునేదాన్ని, ఆ ఆఫీసు మూతపడింది, ఎక్కడ తిరిగినా పని దొరకలేదు. పొద్దున లేవాలంటే భయం, అన్నం సయించదు, ఇంటికి ఎవరైనా వస్తే వంటింట్లో దాక్కునేదాన్ని, ఇంకా ఎందుకు బతకడం అని కూడా అనిపించింది, దాచడమెందుకు!

ఆ రోజుల్లో ‘పర్సనల్ బ్రాండ్’ నేర్పే క్లాసుకి వెళ్ళాను. సబ్బుకీ టీపొడికీ పేరున్నట్టే మనిషికీ ఉండాలి, మిమ్మల్ని ఎరిగినవాళ్ళు దేనికి తలుచుకుంటారో వాళ్ళనే అడగండి అన్నారు అక్కడి సారు. అడగడానికి నాకు సిగ్గు. పక్కావిడ రాసుకున్నదే నేనూ రాసుకున్నాను, ‘డైనమిక్ లీడర్’ అని! అక్క కోటు వేసుకుని ఫోటో దిగి ఇంటర్నెట్‌లో పెట్టాను. ఇంటర్వ్యూలో ఒకాయన, ఎవరిని లీడ్ చేశారు మేడమ్ అని మర్యాదగానే అడిగారు. మా ఇంట్లో పిల్లి కూడా నా మాట వినదు!

ఇంటికొచ్చి మోకరించాను. “ప్రభువా, నేనెవరో నాకు తెలియడం లేదు, నన్ను చేసినవాడివి నువ్వే, నీకు తెలిసుంటుంది, ఎవరిచేతనైనా చెప్పించు” అన్నాను. 

తర్వాతి ఆదివారం ఒక సహోదరి తాగుబోతు భర్త చేతిలో పడ్డ దెబ్బల గురించి సాక్ష్యం చెప్పింది. హిందీలో చెప్పేటప్పుడు ‘ఆవిడ అంటున్నారు’ అనకూడదు, ఆవిడ ‘నేను’ అంటే నేనూ ‘నేను’ అనాలి, పాస్టరుగారు నాకు అలాగే నేర్పారు. అలాగే చెప్పాను. కూటం అయ్యాక ఒక ఛత్తీస్‌గఢీ పెద్దావిడ, ఆరంగ్ వైపు మనిషి, మా చర్చికి కొత్త, తెలుగు రాదు, నా రెండు చేతులూ పట్టుకుని ఒకటే ఏడుపు. “బేటీ, తోర్ ఘర్‌వాలా అబ్ తో నఈ మారయ్ నా?” అంది. నీ మొగుడు ఇప్పుడైతే కొట్టడం లేదు కదా అని! “దాయీ, అమ్మా, నాకింకా పెళ్ళే కాలేదు” అన్నాను. ఆవిడ తెల్లబోయి, తర్వాత నవ్వి, నువ్వు చెప్తుంటే నీకే జరిగిందనుకున్నాను బేటీ అంది.

ఆవిడ పేరు సుఖ్‌బతీ, ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆయా. మా వార్డులో శ్రీకాకుళం కూలీల తల్లి ఉంది, ఆమె మాట ఎవరికీ అర్థం కావడం లేదు, నువ్వు రా అని మర్నాడే తీసుకెళ్ళింది. ఆ ముసలమ్మ “గుండెల్లో కాదమ్మా, ఈపులో పోటు, ఎవులికీ తెలీట్లేదు” అంటే, నాకే నొప్పి ఉన్నట్టు డాక్టరుగారికి హిందీలో చెప్పాను. ఆయన వెంటనే వేరే పరీక్ష రాశారు. ముసలమ్మ కోలుకుంది, వెళ్ళేటప్పుడు నా బుగ్గలు పుణికింది, ఆ రాత్రి నాకు ఆకలేసింది! తెలుగువాళ్ళూ, తెలుగు మాట్లాడే ఒడిశా సరిహద్దువాళ్ళూ వచ్చినప్పుడల్లా ఆసుపత్రివాళ్ళు నన్నే పిలిచారు, చివరికి హెల్ప్‌డెస్క్‌లో ఉద్యోగమే ఇచ్చారు. ఇప్పుడు తెల్లవారితే పనికి ఎప్పుడెళ్దామా అనిపిస్తుంది.

ఆ క్లాసు సారు చెప్పింది అబద్ధం కాదు. నేను అడగలేదు, అంతే. నేను అడగలేనిది నా దేవుడు అడిగి పెట్టాడు, మహిమంతా ఆయనకే! పని లేక వెనక వరసలో తలదించుకుని కూర్చున్న తమ్ముడూ, చెల్లీ, నువ్వెవరో ఎరిగినవాడు ఉన్నాడు, ఆయన్ని నమ్ము, మోకరించి అడుగు.

ఈ రోజు నా మాటలు పాస్టరమ్మగారు హిందీలో చెబుతున్నారు. సుఖ్‌బతీ దాయీ రెండో వరసలో కూర్చుని అప్పుడే కళ్ళొత్తుకోవడానికి కొంగు అందుకుంది, పాస్టరమ్మగారి వైపే చూస్తోంది. దాయీ, ఇటు చూడు. ఈసారి ఇది నా కథే.