తాయారత్త నాలుగు అరలు

“అమ్మ జారి పడి పొయ్యె” అని గోవిందు ఫోన్ చేసినప్పుడు నేను విరుదునగర్‌లో, పనిచేసే మిల్లులో, పట్టేసిన బేరింగును సుత్తితో కొట్టి బయటికి తీస్తున్నాను. సుత్తి కింద పెట్టాను. తాయారత్త లేదన్న సంగతి కంటే ముందు ఆ మాట తగిలింది. “జారి పడింది” అని ఎవరు చెప్పినా ఒక పట్టాన నమ్మని మనిషి ఆమె. ఆమె చావు గురించి ఆమె కొడుకే ఆ మాట చెప్పాడు.

కోవిల్‌పట్టి ఆస్పత్రికి చేరాక నేను చేసిన మొదటి పని ఏడవడం కాదు. గుడ్డ తొలగించి ఆమె చేతులు చూశాను. కుడి మణికట్టు అరచేతి దగ్గరే వెనక్కి వంగిపోయింది. నుదుటి మీద ఒక్క గాయం. ముంజేతుల మీద కొత్త దెబ్బ లేదు. పడే మనిషి నేలను ఆపబోతుంది, మణికట్టు విరుగుతుంది. దెబ్బ కాచుకునే మనిషి చెయ్యి అడ్డం పెడుతుంది, ముంజేయి నడిమికి విరుగుతుంది. ఈ తేడా నాకు నేర్పింది ఆమే. అత్త ఎత్తుపీట మీద నుంచి పడింది. నిజంగానే పడింది.

గోవిందు తలుపు దగ్గర నిలబడి నన్నే చూస్తున్నాడు.

“చూస్తివా? సరేనా?” అన్నాడు.

నేను తల దించుకున్నాను.

“సిగ్గుపడొద్దు రాము. అమ్మ ఉండి, పోయింది ఇంకెవరైనా అయితే, ఆమె కూడా చూసుండును” అన్నాడు.

తాయారత్త మా నాన్నకు చెల్లెలు. పుట్టింది ఎట్టయాపురం పక్క నల్లరేగడి పల్లెలో. కోవిల్‌పట్టిలో ఆమె ఇల్లు తెలియనివారు ఉండొచ్చు గాని, “బొమ్మగుర్రాల అమ్మ” అంటే ఆటోవాళ్లు దింపేవారు. ముందు గదిలో గోడకు నాలుగు అరలు. తాళంచెవి తిప్పితే నడిచే తగరపు గుర్రాలు, వేలెడంత సీసపు పటాలం గుర్రాలు, పిల్లలెక్కి ఊగే చెక్క గుర్రాలు, కాగితపు గుజ్జుతో చేసిన ఏనుగులు, తల ఊపే ఎద్దులు. పాత ఇళ్ల అటకల మీద నుంచి, పాతసామాను అంగళ్ల నుంచి వచ్చినవి కొన్ని. ఊరివాళ్లు బాగుచేయమని తెచ్చినవి ఎక్కువ. వాటిని వయసును బట్టి గాని, రకాన్ని బట్టి గాని ఆమె సర్దలేదు. పై నుంచి కిందికి అరల వరస ఇది: పడినవి, విసిరినవి, తొక్కినవి, కొట్టడానికి వాడినవి.

మొదటిసారి చూసినవాళ్లకు ఆ గది బొమ్మల కొలువులా ఉండదు, యుద్ధం ముగిసిన మైదానంలా ఉంటుంది. తల లేని గుర్రం, పొట్ట చీలిన ఏనుగు, వెన్ను లోపలికి కుంగిపోయిన ఒంటె. “పడితే చెవి పోతాది, తోక పోతాది, కాలికొన పోతాది. సన్నంగా ఉండేదే ముందు పోయేది. తొడ దగ్గర విరిగితే చెయ్యి ఉండాది వెనక” అనేది అత్త. ఆ మాట చెబుతూనే ఆమె వేలు ఆ తొడ మీద ఆగేది, నాడి చూసే వైద్యుడి వేలిలాగా.

ఆమె పని మెత్తగా ఉంటుందని ఎవరూ అనుకోవద్దు. తప్పుగా అతికిన కాలు కనిపిస్తే ముందు దాన్ని విరిచేది. నేను డిప్లొమా చదివి, కొత్త ఉద్యోగంలో చేరిన గర్వంతో ఒక చెక్క గుర్రం మెడను ఎపాక్సీతో అతికించి తీసుకెళ్లాను. ఎంత బరువు మోస్తుందో కూడా చెప్పాను. ఆమె వినిపించుకుంది, గుర్రాన్ని రాతి మీద పెట్టింది, కొయ్యసుత్తితో ఒక్క దెబ్బ వేసింది. మెడ అతుకు దగ్గర ఊడలేదు. అతుకు పక్కన మంచి చెక్క చీలిపోయింది.

“చూస్తివారా ఇంజనీరూ? నీ జిగురు గెలిచె, గుర్రం ఓడిపొయ్యె” అంది.

ఆమె వాడేది వడ్రంగులు వజ్రం అనే పాత జంతుజిగురు. వేడినీళ్లు పడితే అది వదిలేస్తుంది. రేపు ఇంకొకరు తప్పు దిద్దాలంటే దారి ఉండాలి అనేది. కాగితపు గుజ్జుకు చింతగింజల గంజి, పగుళ్లకు సుద్ద. పాత రంగు మీద కొత్త రంగు పూయదు. పోయినంత మేరకే నింపుతుంది. దెబ్బ ఎక్కడ తగిలిందో దగ్గరికి వచ్చి చూసేవాడికి కనపడాల్సిందే.

బాగుచేయడానికి ఆమె పెట్టిన షరతు ఒక్కటే. బొమ్మ ఎలా విరిగిందో తెచ్చినవాళ్లు నోటితో చెప్పాలి. కొట్టింది ఒకరు, దెబ్బ తిన్నది ఇంకొకరు అయితే ఇద్దరూ రావాలి, తిన్నవాళ్ల ముందే కొట్టినవాళ్లు చెప్పాలి. అది చీటీ మీద రాసి, బొమ్మ కడుపులో పెట్టి, అప్పుడు మూసేది. చీటీలో నాలుగు గడులు: ఎవరు, దేన్ని, ఎవరి మీద, ఎన్నిసార్లు. చీటీ తెలుగులో రాసేది. మా ఇళ్లలో తెలుగు మాట్లాడతాం, చదవడం తమిళమే. వాళ్ల తాత దగ్గర నేర్చుకున్న ఆ అక్షరాలు ఊళ్లో ఇంకెవరికీ రావు కనుక రహస్యం కడుపులోనే ఉంటుందని ఆమె లెక్క. నేను తెలుగు రాత నేర్చుకున్నది ఆ చీటీల మీదే.

ఒక సంఘటన నా కళ్ల ముందు జరిగింది. విరుదునగర్ మిరపకాయల వ్యాపారి ఒకాయన తగరపు గుర్రం తెచ్చాడు. పిల్లోడు కింద వేశాడన్నాడు. గుర్రం పక్క భాగం గుండ్రంగా లోపలికి నొక్కుకుపోయి ఉంది. అత్త దాన్ని వెలుతురులో తిప్పింది. తాళంచెవి పెట్టే కంతలో నుంచి పట్టకారుతో రెండు వెంట్రుకలు లాగి కాగితం మీద పెట్టింది. వాటి మొదళ్లకు ఎండిన రక్తం.

“నేల గుండ్రంగా ఉండదు సామి. ఇది తలకాయి. ఎవరి తలకాయి?”

ఆయన మొహం కందిపోయింది. తమిళంలో ఒక బూతు మాట అని, బల్లను ఒక్క తోపు తోశాడు. సీసపు గుర్రాలు గది నిండా చెదిరాయి. ఆమె మీదికి చెయ్యెత్తాడు. నేను లేచేలోపు అత్త కొయ్యసుత్తి తీసి, గాలిలోనే, ఆయన చేతికి ఎదురుగా పట్టుకుంది. ఆమె వెనక్కి తగ్గలేదు, అరవలేదు.

“దించు. ఎట్ల దించినా దీని మీదనే పడతాది” అంది.

ఆయన చెయ్యి దించి వెళ్లిపోయాడు. వారం దాటాక భార్యను, ఆరేళ్ల కొడుకును వెంటబెట్టుకుని వచ్చాడు. పిల్లవాడి చెవి పైన కుట్లు. ఆయన నేల చూస్తూ, “వీడు అల్లరి చేసె, అప్పుడు చెయ్యి...” అని మొదలుపెట్టాడు.

“అది అడగలే. ఎవరు, దేన్ని, ఎవరి మీద, ఎన్నిసార్లు” అంది అత్త.

చీటీలో ‘ఎందుకు’ అనే గడి లేదు. ఆయన నాలుగూ చెప్పాడు. పిల్లవాడు శ్రద్ధగా విని, “నెజమే చెప్పె” అని అత్తకు సాక్ష్యం ఇచ్చాడు. ఆ గుర్రం ఇప్పుడు వాళ్లింట్లో నడుస్తోంది.

ఇదంతా ఆమెకు ఎక్కడి నుంచి వచ్చిందో మా బంధువులకు తెలుసు, ఎవరూ మాట్లాడరు. పెళ్లయి అరుప్పుక్కోట్టైకి వెళ్లింది. ఆమె భర్త, అంటే మా మామకు పవర్‌లూమ్ మగ్గాలు. ఒకరోజు మగ్గం నుంచి ఊడదీసిన కర్రతో ఆమెను కొట్టాడు. ఆమె ఎడమచెయ్యి అడ్డం పెట్టింది. ముంజేయి నడిమికి విరిగింది. ఆస్పత్రిలో “స్నానాలగదిలో జారి పడితి” అని చెప్పింది. డాక్టరు అదే రాశాడు. ఎముక వంకరగా అతుక్కుంది. ఆ తర్వాత జీవితాంతం ఆమె ఎడమ అరచేయి పూర్తిగా పైకి తిరగలేదు. ప్రసాదం కుడిచేత్తో మాత్రమే తీసుకునేది.

ఇంకోసారి మామ, ఆమె పుట్టింటి నుంచి తెచ్చుకున్న మట్టిగుర్రాన్ని కాలితో తొక్కి పొడి చేశాడు. చెయ్యి విరిగినప్పుడు అబద్ధం చెప్పిన మనిషి, గుర్రం విరిగినప్పుడు చెప్పలేదు. ముక్కలు ఏరి, పొడి జల్లించి, వారాలపాటు కూర్చుని అతికింది. అది నిలబడ్డ రోజు దాన్ని చంకన పెట్టుకుని మగ్గాల కొట్టంలోకి వెళ్లి, మగ్గాలు ఆపించి, పనివాళ్లందరి ముందు చెప్పింది: “నేను జారి పడలే. ఈయన కొట్టె. ఈ చెయ్యి మీద. మూడుసార్లు.” మామ అక్కడే ఆమె జుట్టు పట్టుకుని నేలకు కొట్టాడు. నలుగురు పట్టుకుని లాగితే గాని వదలలేదు. “ఆ తర్వాత మానేశాడా అత్తా?” అని నేను అడిగాను. “చెయ్యి ఎత్తుతానే ఉండె. దించే ముందర నాలుగు పక్కలా చూసే అలవాటు వచ్చె. ఆ చూసే సేపట్లో నేను తప్పుకుంటి” అంది. మామ పోయాక కొడుకుతో కోవిల్‌పట్టి వచ్చి అరలు కట్టించుకుంది. ఆ మట్టిగుర్రం మూడో అరలో ఉండేది.

ఇప్పుడు రెండో అరలో ఉండిన ఒక గుర్రం సంగతి రాయాలి. అది రాయకపోతే మిగిలినదంతా రాసే హక్కు నాకు లేదు.

అది నా భార్య జానకిది. వత్రాప్‌లో వాళ్ల పాటిమ్మ, అంటే అవ్వ, కాలం నుంచి మూడు తరాలు ఆడుకున్న చెక్క గుర్రం. పదకొండు నెలల కింద, విరిగిన వెనకకాలితో సహా దాన్ని నేనే తీసుకెళ్లి, “బీరువా మీద నుంచి పడింది” అని చెప్పాను.

అత్త కళ్లద్దాలు సర్దుకుంది. “కాలు తొడ దగ్గర పొయ్యె. నుదుట పచ్చ పెయింటు. మీ ఇంట్లో నేల పచ్చనా, గోడ పచ్చనా?”

నేను విరిగిన కాలు తీసి బల్ల మీద పెట్టాను.

“దెబ్బలు రెండుండాయి” అంది మళ్లీ.

“ఒకటి గోడది, ఒకటి నేలది అయ్యుంటాది” అన్నాను. అంటే పడలేదని ఒప్పుకున్నట్టే. అత్త నవ్వలేదు.

“నువ్వు చదివినోడివి. జానకిని తోడుకొని రా, దాని ముందర చెప్పు” అని ఖాళీ చీటీ ఒకటి గుర్రం మెడకు కట్టి, రెండో అరలో పెట్టింది.

తర్వాత నేను ఎన్నో ఆదివారాలు వెళ్లాను. ఆమె డ్రిల్లు బాగుచేశాను, దీపం అమర్చాను, అరల మేకులు బిగించాను. తల ఎత్తితే ఆ గుర్రం. చివరి ఆదివారం మాత్రం అడిగింది: “కండ్లు మసకగా ఉండాయిరా. ఆ కాలు అతకాలంటే ఇప్పుడే. వచ్చే వారం తోడుకొని వస్తివా?” వస్తానన్నాను. ఆమె నమ్మింది.

గురువారం పీట ఎక్కింది. ఆస్పత్రి నుంచి గోవిందు నన్ను ఇంటికి తీసుకెళ్లినప్పుడు, పీట పక్కన నేల మీద ఆ గుర్రమే ఉంది. మెడకు చీటీ. కుడిచెవి కొన కొత్తగా తెగి ఉంది. అదొక్కటే పడిన దెబ్బ. మా కోసం దించబోయింది.

గుర్రాన్ని ఇంటికి తెచ్చి, చీటీ నింపాను. ఎవరు: రామానుజం. దేన్ని: జానకి గుర్రాన్ని. ఎవరి మీద: జానకి మీద. ఎన్నిసార్లు: ఒకటి. తర్వాత ఈ వ్యాసం రాశాను. జానకికి తెలుగు చదవడం రాదు. పత్రికకు పంపే ముందు ఆమెను కూర్చోబెట్టి మొదటి నుంచి చదివాను. చీటీ దగ్గరికి వచ్చాక నాలుగు గడులూ పైకి చదివాను.

జానకి కుడి భుజం మీద చెయ్యి పెట్టుకుంది.

“ఒకసారి కాదు బావా. మొదట గోడకు కొడితివి. కింద పడినదాన్ని తీసి మళ్లీ వేస్తివి. అది నాకు తగిలె. రెండు.”

నాకు గుర్తులేదు. చెక్కకు గుర్తుంది, అత్త చూసింది. అంకె కొట్టేసి రెండు అని రాశాను.

తాయారత్తకు నమస్కారం. ఆమె జిగురు పాళ్లు నా దగ్గర రాసి ఉన్నాయి, పనిముట్లు గోవిందు నాకే ఇచ్చాడు, విరిగిన తొడ ఎలా అతకాలో నాకు వచ్చు. గుర్రం కోసం చెయ్యి చాచాను. జానకి దాన్ని ఒళ్లో పెట్టుకుంది, విరిగిన కాలును కొంగులో చుట్టుకుంది.

“అత్త చేతికైతే ఇచ్చుంటాను బావా. నీ చేతికియ్యను.”