ఏ భుజం మీద మోస్తావు?

కలకత్తాలో మా ప్రాక్టికల్ క్లాసులో స్పిరిటు దీపం వెలిగించినప్పుడల్లా, ఆ వేడి వాసనతో నాకు అనకాపల్లి బెల్లం మార్కెట్టు గుర్తొచ్చేది. దాని వెనకే కరీం గారు. ఆయన అక్కడి హెల్త్ ఆఫీసరు, ఆ ఊరివాడే. వాళ్లింట్లో మిగతావాళ్లంతా వ్యాపారులు. ఎం.బి.బి.ఎస్. ముగించి, మశూచి టీకాల పనిలో ఆయన దగ్గర చేరాను. సర్జరీలో పై చదువుకు సీటు వచ్చేదాకా ఉండి వెళ్లిపోదామన్నది నా లెక్క.

మమ్మల్ని చూడగానే మార్కెట్లో బరువులు మోసే కళాసీలు బెల్లం దిమ్మల చాటుకి తప్పుకునేవారు. ఒకరోజు అప్పలసామి అనే కళాసీ దొరికిపోయాడు.

"టీకా ఏత్తే సెయ్యి వాసిపోద్ది బాబూ. రేపు నా దిమ్మలు నువ్వు మోత్తావేటి?" అన్నాడు నాతో.

"ఆడికి సూదంటే బయం బాబూ, దిమ్మల మీదకి నెట్టేత్తన్నాడు!" అని వెనకనుంచి ఎవరో అన్నారు. అందరూ నవ్వారు.

కరీం గారు నవ్వలేదు. "ఏ బుజం మీద మోత్తావు మామా?" అని అడిగారు. ఎడమ అన్నాడు. "అయితే కుడి చెయ్యి ఇటియ్యి."

టీకా ఎడమ చేతికే వెయ్యాలని మాకు నేర్పారు. ఆ మాటే ఆయన చెవిలో అన్నాను. "పుస్తకం బరువులు మొయ్యదు కదయ్యా" అన్నారు, టీకా గీసే లాన్సెట్టును స్పిరిటు దీపం మంటలో తిప్పుతూ. ఆ పూట మిగతావాళ్లు ఒక్కొక్కరే ఇవతలికి వచ్చి, మోసే భుజమేదో తామే చెప్పి నిలబడ్డారు.

కొన్నాళ్లకు సీటు వచ్చింది. సర్జరీలో పేరుంది, ప్రాక్టీసుంది, ఇంట్లోవాళ్ల సంతోషముంది. అయినా నాకు మనసు ఇటే లాగింది. కలకత్తా వెళ్లి ప్రజారోగ్యంలో డిప్లొమా, డి.పి.హెచ్., చదవనా అని కరీం గారిని అడిగాను. తప్పకుండా చదవమంటారనుకున్నాను.

"డిప్లొమా చేస్తావు, హెల్త్ ఆఫీసరువి అవుతావు, బదిలీల మీద ఊళ్లు తిరుగుతావు. నువ్వు కాపాడినవాడికి నువ్వెవరో తెలీదు. వాడికి జబ్బే రాలేదు కదా! అది ఓర్చుకోగలవా?" అన్నారు. "నాకు చాలా ఏళ్లు పట్టింది" అని కూడా అన్నారు.

నన్ను ఒప్పించాలని చూడకుండా తన బాధ చెప్పారు. అందుకే ఆయన దారే పట్టాను.

నేను కోర్సులో ఉండగానే ఆయన గుండెపోటుతో పోయారు. సెలవుల్లో అనకాపల్లి వెళ్లినప్పుడు మార్కెట్లో అప్పలసామి కనిపించాడు. కరీం గారు పోయారట కదా అన్నాను.

"ఏ కరీం గారు బాబూ? కొట్టున్నాయనా?" అన్నాడు, దిమ్మ భుజానికెత్తుకుంటూ.

నాకు కోపం రాలేదు. ముఖాన ఒక్క మశూచి మచ్చ లేకుండా, ఎవరినో వేళాకోళం చేసుకుంటూ నడిచిపోతున్న ఆ మనిషిని కరీం గారికి చూపించాలనిపించింది. ఇప్పటికీ, రోగం లేని మనిషి ఎవరు ఎదురైనా, పక్కన ఆయన లేరన్న సంగతే ముందు తోస్తుంది.