దేవుని కోడెను అమ్మిన శనివారం

పొలం గట్టు తగాదాలో బాపు కరీంనగర్ జైలుకు పోయిన ఏడాది, అమ్మితే నాలుగు పైసలొచ్చే ప్రాణి మా ఇంట్లో ఒక్క కోడే. అది వేములవాడ రాజన్నకు మొక్కినది. గుడికి ఇవ్వాలే తప్ప అమ్మకూడదు. వకీలు ఫీజు కోసం అవ్వ, అంటే మా అమ్మ, ఒక కూలీల మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుంది. సోమవారానికి అది తిరిగి ఇవ్వకపోతే, తొమ్మిదో తరగతి చదివే అక్కను అతను భైంసా పత్తి మిల్లుకు తీసుకుపోతాడు. మొక్కు తప్పితే కళ్లు పోతాయని ఊరంతా హెచ్చరించింది. బడి తప్పితే అక్కకు ఏం పోతుందో ఒక్కరూ చెప్పలేదు.

మమ్మల్ని ఎరగని పశువుల అంగడి ఒకటి వెతుక్కుని ముగ్గురం కోడెను తోలుకుపోయాం. నేను జాతరకు పోతున్నట్టు గంతులేస్తూ నడిచాను. చేరగానే బేరం కుదిరింది. కొనేవాడు దాని నోరు తెరిచి పండ్లు చూడబోతే కోడె తల విదిలించింది. అక్క అలవాటుగా దాని గంగడోలు నిమిరింది.

"ఓ రాజన్నా, జర సక్కగ నిలవడు."

అతను చటుక్కున చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. "రాజన్న కోడెనా? నాకద్దు తల్లీ. ఇంట్ల పిల్లలున్నరు."

"నాకు లేరా?" అంది అవ్వ.

జనం మూగారు. "మొగడు జైలుకు వోంగనే గీమెకు దేవుని భయం గూడ పోయింది" అన్నాడొకడు.

"గా భయం పొయ్యి మీద వెడ్తె ఉడుకుతదా అన్నా? ఉడికితె చెప్పు, తెచ్చుకుంట."

అవ్వ మాటకు నవ్వులు లేచాయి. నాకు ఒళ్లంతా పులకరించింది. తన నోటితో తానే బేరం చెడగొట్టుకున్న అక్క మాత్రం తలెత్తలేదు.

అప్పుడు ఒక ముసలి రైతు జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చాడు. "మేం చర్చికి పోయేటోళ్లం. మాకు గా మొక్కుల ఫికరు లేదు. దున్నుతదా?"

"ఇంక నేర్పలే, తాతా."

"నేను నేర్పుకుంట."

మొదటి బేరం ధరకే డబ్బు అవ్వ చేతిలో పెట్టి, కోడె నెత్తి మీద చెయ్యేసి కళ్లు మూసుకున్నాడు. పెదవులు కదులుతున్నాయి.

అవ్వకు నవ్వాగలేదు. "నువ్వు గూడ గట్లనేనా, తాతా?"

"కొత్త జాగ గద బిడ్డా. తన్నకుండ ఉండాలని."

సోమవారం మేస్త్రీ జీపుతో వచ్చాడు. "పిల్ల ఏది?"

అవ్వ అడ్వాన్సు అతని చేతిలో పెట్టింది. "బడికి పోయింది. నువ్వు జర ఆలిశెం జేసినవ్."