తూము తీసే అల్లుడు

మా డాబాకి మెట్లు లేవు. ఇల్లు కట్టినప్పుడు శ్లాబు వేసేసరికి సిమెంటూ ఓపికా ఒకేసారి అయిపోయాయి. మెట్ల సంగతి వచ్చే ఏడాది చూద్దామన్నారు మా ఆయన. ఆ వచ్చే ఏడాది ఇంకా రాలేదు. పైకెక్కాలంటే పెరట్లో ఆనించిన వెదురు నిచ్చెన ఒక్కటే దారి. ఆ దారిన పోయే మనిషి మా ఆయనొక్కరే. విజయనగరంలో మా వీధి మొత్తానికి వడియాలు గుమ్మం ముందు మంచం మీద ఎండబెట్టుకునే ఇల్లాలిని నేనొక్కదాన్నే.

వడియాలు లేకపోయినా బతకొచ్చు. తూములు తీయకపోతే బతకలేం. డాబా మీద పడిన వాన పిట్టగోడ అడుగునున్న తూముల్లోంచి పైపుల్లోకి దిగాలి. వెనక వంటిల్లు పాతది, పెంకుల కప్పు. ఆ పెంకులూ డాబా గోడా కలిసేచోట నీళ్ళు పోవడానికి రేకు దోనె ఒకటి వేయించాం. ఇంతవరకూ బాగానే ఉంది. పక్కింటి వాళ్ళకి బాదం చెట్టుంది. చెట్టు వాళ్ళది, నీడ వాళ్ళది, కాయలు వాళ్ళ పిల్లలవి, ఆకులు మావి. బాదం ఆకు తూముకి కొలిచి చేయించిన మూతలా సరిపోతుంది. తూము మూసుకుంటే పడకగది గోడ చెమ్మెక్కి ఉబ్బుతుంది. దోనె నిండితే నీళ్ళు సరాసరి పొయ్యి మీదికే కారతాయి. ఆ ధారకి ఎంత గురి ఉందంటే, పప్పులో వేరే నీళ్ళు పొయ్యక్కర్లేదు.

మా ఆయన లైన్‌మన్‌గా చేసి రిటైరయ్యారు. ఉద్యోగమంతా కరెంటు స్తంభాల మీదే గడిచింది. గాలివానలో ఎక్కారు, తుపాను వెళ్ళిన మర్నాడు ఎక్కారు, ఒక్కనాడూ పడలేదు. ఆ మాట అడిగినవాళ్ళకీ చెబుతారు, అడగనివాళ్ళకీ చెబుతారు. అలాంటి మనిషి కిందటేడు శ్రావణంలో సొంతింటి నిచ్చెన మీంచి పడ్డారు. మణికట్టు విరిగింది. తల బట్టలుతికే బండకి జానెడు ఇవతల ఆగింది. ఆ జానెడు దూరాన్ని నేను కళ్ళారా చూశాను. కట్టు కట్టిన డాక్టరు, ఇక నిచ్చెన జోలికి వెళ్ళొద్దని గట్టిగానే చెప్పాడు. ఆటోలో ఇంటికొస్తూ మా ఆయన, "నిచ్చెనెక్కొద్దన్నాడు గాని డాబా ఎక్కొద్దనలేదు కదేటి" అన్నారు.

ఈయన ఇంకోసారి ఎక్కితే ఆ జానెడు దూరం కూడా మిగలదని నా భయం. అందుకే ఈ ఏడు తొలకరికి ముందే చెప్పేశాను, తూములు తీయడానికి మనిషిని పెడదామని. ఆయన వెంటనే ఒప్పుకున్నారు. ఆయన వెంటనే ఒప్పుకున్నారంటే అందులో మెలిక ఉంటుంది.

"నమ్మకమైనోడైతే సరే" అన్నారు. "తీగ ఎటుపక్క నుంచి పోతందో సూసుకుని ఎక్కీవోడు, పెంకు మీద కాలెయ్యనోడు, పిట్టగోడ మీద ఉమ్మీయనోడు. అలాటోణ్ణి తే. నేను కుర్చీలోంచి లెగిస్తే అడుగు."

మొదట కూలీల అడ్డా మీంచి ఒక మనిషిని పిలిపించాను. మా ఆయన నిజంగానే కుర్చీలోంచి లేవలేదు. కుర్చీని మాత్రం నిచ్చెన మొదట్లోకి తెచ్చి వేయించుకున్నారు. "ఎడం కాలు. ఎడం కాలంటే అదేటి? పైమెట్టు మీద బరువెయ్యకు. తీగ సూడు, తీగ సూడు" అంటూనే ఉన్నారు. ఆ మనిషి సగం దాకా ఎక్కి, ఏమనుకున్నాడో మళ్ళీ దిగివచ్చేశాడు.

"బాబూ, తమకింత తెలుసు కదా, తమరే ఎక్కండి" అని, తలపాగా దులుపుకుని వెళ్ళిపోయాడు.

మా ఆయన నావైపు తిరిగి, "సూసేవా, ఆడు కూడా అదే సెప్పేడు" అన్నారు.

తర్వాత ఫోనులో ఒక కంపెనీ దొరికింది. దోనెలూ తూములూ శుభ్రం చేయడమే వాళ్ళ పనిట. చూడకముందే మనకి నమ్మకం కుదరాలని ఫొటోలు పంపారు. దోనెలు అద్దంలా ఉన్నాయి. మా ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని ఒక్కో ఫొటోనీ పెద్దది చేసి చూసి, "ఈ ఇంటి మీద మంచు ఉన్నాదేటే?" అన్నారు. ఉంది. కప్పు అంచు నిండా తెల్లగా పేరుకుని ఉంది. ఆయన వాళ్ళకి ఫోను చేసి, విజయనగరంలో మంచు పడ్డప్పుడు తప్పకుండా పిలుస్తామని మర్యాదగా చెప్పి పెట్టేశారు. ఆ తర్వాత వారం పాటు, మా సేవలు మీకు నచ్చాయా అని మెసేజీలు వచ్చాయి.

మబ్బులు రోజూ సాయంత్రం కమ్మి, చూసి పోతున్నాయి. నాకు నిద్ర పట్టడం మానేసింది. ఈయనేమో పెరట్లోకి వెళ్ళినప్పుడల్లా నిచ్చెనని ఒకసారి చేత్తో కదిపి, గట్టిగా ఉందని తలాడించి వస్తున్నారు.

చివరికి ఎదురింటి టీచరమ్మ దారి చూపించింది. "మా చర్చి కప్పు దోనెలు ఏటా ఒకతనే తీస్తాడండీ. ఇన్నేళ్ళలో పెంకు పగిలిందని పాస్టరు గారు ఒక్కమాట అనలేదు. కంపెనీ అంటాడు గాని, అతనూ అతని ఆటోనే కంపెనీ" అని నంబరిచ్చింది. మర్నాడు పొద్దున్నే వచ్చాడు. నలభై దాటిన మనిషి, నెమ్మదస్తుడు. ఆటో మీద పొడవాటి అల్యూమినియం నిచ్చెన కట్టి ఉంది. వస్తూనే ముందు కరెంటు తీగ ఎక్కడుందో చూశాడు. తర్వాత వంటింటి పెంకులు చూశాడు. చెప్పులు విప్పి గోడవార పెట్టాడు. నా గుండెల మీంచి బరువు దిగిపోయింది. మా ఆయన కూడా తలాడించారు. అక్కడితో ఆగి ఉంటే సరిపోయేది.

"మీదేవూరు బాబూ?" అన్నారు మా ఆయన.

మా వైపు ఈ ప్రశ్న లేకుండా నమ్మకం మొదలవ్వదు. ఊరి తర్వాత వీధి, వీధి తర్వాత ఇంటిపేరు, ఇంటిపేరు తర్వాత అత్తారు. పోలీసులు కూడా అంత దూరం వెళ్ళరు.

"నరసన్నపేటకి అవతలండి" అన్నాడతను. మా ఆయన కుర్చీ ముందుకి జరిగింది. ఊరి పేరు విన్నాక ఇంకొంచెం జరిగింది. ఇంటిపేరు దగ్గర లేచి నిలబడ్డారు. అతని భార్యది ఏ ఊరో అడిగారు, ఆమె నాయనమ్మ ఎవరో అడిగారు. అక్కడ దొరికింది. ఆ నాయనమ్మ మా ఆయన పిన్నమ్మకి తోడికోడలు.

"ఓరి, ఆవిడ మనవరాలేటి మీ ఆవిడ! అయితే నాకు కూతురు వరసే కదా. నువ్వు మా అల్లుడివిరా!" అని, పని కోసం వచ్చిన మనిషి చెయ్యి పట్టుకుని ఇంట్లోకి తీసుకుపోయారు. అతను వెనక్కి తిరిగి ఒకసారి తన నిచ్చెన వైపు, ఒకసారి నా వైపు చూశాడు. నేను చేయగలిగిందేమీ లేదు. అల్లుడు మొదటిసారి గుమ్మం తొక్కాడు. కాళ్ళకి నీళ్ళిచ్చాను.

తర్వాత జరిగినవన్నీ పద్ధతి ప్రకారమే జరిగాయి. కోడి కూర వండాను, గారెలు వేశాను. తిట్టుకుంటూనే వేశాను గాని, గుల్లగానే వచ్చాయి. మా ఆయన కోసం బీరువాలో దాచిన కొత్త పంచె అల్లుడికి పెట్టాం. వాళ్ళావిడకి చీర, జాకెట్టు గుడ్డ, పసుపు కుంకుమ ఇచ్చాం. కంపెనీ చొక్కా మీద కొత్త కండువా వేసుకుని అతను బుద్ధిగా కూర్చున్నాడు. భోజనాలయ్యాక, "మావా, మబ్బేస్తంది. తూములు తీసీసి పోతాను" అన్నాడు.

మా ఆయన మొహం మాడిపోయింది. "తొలిసారి ఒచ్చిన అల్లుడి సేత తూములు తీయిస్తానేటి? నలుగురూ నా మొహాన ఉమ్మరూ? ఆ ఊసెత్తకు" అన్నారు.

అతను రెండోసారి అడిగాడు, మూడోసారి అడిగాడు. మర్యాదస్తుడు, మామగారి మాట తోసెయ్యలేక ఆటో ఎక్కాడు. ఊళ్ళో ఉన్న నమ్మకమైన మనిషిని ఒక్కణ్ణి పట్టుకుంటే, ఈయన అతన్ని చుట్టాన్ని చేసేశారు. ఆ పూట నేను ఈయనతో మాట్లాడలేదు. ఆయన గమనించలేదు. అల్లుడెంత మంచివాడో నాకే చెబుతూ కూర్చున్నారు.

మర్నాడు మధ్యాహ్నం వాన దిగింది. అరగంట కాకముందే పొయ్యి మీద ధార మొదలైంది. గిన్నె పెట్టడానికి లేచిన నాకు, వెనక తలుపు తీసి ఉండటం కనపడింది. పరుగెత్తి చూస్తే ఈయన అప్పటికే నిచ్చెన మీద ఉన్నారు. అరిచి లాభం లేదు. అరిస్తే ఉలిక్కిపడతారు. వెళ్ళి నిచ్చెన పట్టుకుని నిలబడ్డాను.

సగం దాకా ఎక్కి ఆగిపోయారు.

"ఏమైంది?" అన్నాను.

"ఏటీ లేదు."

"అయితే దిగండి."

"దిగుతాను" అన్నారు. దిగలేదు. ఎక్కనూ లేదు. నా చేతుల్లో నిచ్చెన సన్నగా వణుకుతోంది. గాలి లేదు. ఆ వణుకు ఎక్కడిదో తెలియడానికి నాకు కొంచెం సేపు పట్టింది. తర్వాత ఆయన, నేనెన్నడూ వినని చిన్న గొంతుతో, "ఒసే, కాళ్ళు రావటం లేదే" అన్నారు.

నేను టీచరమ్మా అని వీధి వీధంతా వినబడేలా కేక పెట్టాను. ఆవిడ గొడుగు కూడా లేకుండా వచ్చి, చూసి, అక్కడి నుంచే అల్లుడికి ఫోను చేసింది. అతను దగ్గర్లోనే ఎక్కడో పనిలో ఉన్నాడు. వచ్చేవరకూ నేను ఆ నిచ్చెన వదల్లేదు. వెనకే బట్టలుతికే బండ ఉంది. దాని వైపు తిరిగి చూడలేదు.

అల్లుడు వచ్చి తన నిచ్చెన పక్కన వేసుకుని, మా ఆయన ఎత్తుకి ఎక్కి ఆగాడు. పట్టుకుంటాడనుకున్నాను. పట్టుకోలేదు. మామగారి మొహంలోకి చూసి, మొహం పక్కకి తిప్పేసుకున్నాడు.

"మావా, నాకు అలకొచ్చింది" అన్నాడు.

నిచ్చెనని కావలించుకునే ఉన్న మా ఆయన, "ఇప్పుడేటి అలక?" అన్నారు.

"తొలిసారి అత్తారింటికొచ్చేను. కూడెట్టేరు, బట్టలెట్టేరు. ఏటి కావాలల్లుడా అని ఒక్కలడగలేదు. అడిగితేగాని నేనూ దిగను."

వానలో, మా పెరట్లో, రెండు నిచ్చెనల మీద ఇద్దరు మగవాళ్ళు, ఇద్దరూ దిగనంటున్నారు. టీచరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వో, ప్రార్థనో నాకు తెలియదు. అల్లుడు అలిగితే తీర్చకపోవడం మా ఆయన వల్ల కాదు. ప్రాణం మీదికొచ్చినా కాదు.

"ఏటి కావాలల్లుడా?" అన్నారు.

"ఈ డాబా నాకిచ్చీ మావా. ఇల్లు నువ్వే ఉంచుకో. డాబా, తూములు, ఆ దోని నాకొదిలీ. నా డాబా మీదికి నన్నడక్కుండా ఎవులూ ఎక్కకూడదు."

వాన కొంచెం పెరిగింది. మా ఆయన తలెత్తి డాబా అంచు వైపు చూశారు. ఉద్యోగంలో ఎక్కిన ప్రతి స్తంభమూ ఆ కాసేపట్లో ఆయన కళ్ళ ముందు నిలబడి ఉంటుంది.

"ఇచ్చీసేను" అన్నారు చివరికి.

"అయితే నా డాబాకి అడ్డు తప్పుకో. కుడికాలు కిందెట్టు. అదీ. నేను పట్టుకున్నాను, సూడు" అని, అప్పుడు చెయ్యి వేశాడు. ఒక్కో మెట్టే దింపుకొచ్చాడు.

ఈయన్ని వసారాలో కూర్చోబెట్టి తల తుడిచాను. అల్లుడు పైకెక్కి ఆకులు లాగెయ్యడం మొదలుపెట్టాడు. పైపులోంచి నీళ్ళు ఒక్కసారిగా దిగాయి. మా ఆయన ఎడం కాలు, కుడి కాలు అని ఏమీ చెప్పలేదు. పైకి కూడా చూడలేదు. కాసేపటికి నావైపు తిరిగారు.

"నిచ్చెన కింద నువ్వు నిలబడ్డావు కదా. నీ మొహం సూసేను" అన్నారు. "నేను స్తంభాలెక్కినన్నాళ్ళూ నీకు భయమెయ్యలేదేటి?"

"రోజూ వేసేది" అన్నాను. "కరెంటు పోతే మీరెక్కేరని తెలిసేది. మళ్ళీ కరెంటొస్తే, ఆఫీసోళ్ళు మీరు దిగేక ఇచ్చేరో, దిగకుండానే ఇచ్చీసేరో తెలిసేది కాదు. గేటు సప్పుడయ్యేదాకా ఆ దీపం వంక సూసేదాన్ని కాదు."

ఆయన తువ్వాలు మొహం మీంచి తీశారు. "ఒక్కనాడూ సెప్పలేదేటి?"

"ఇంటికొచ్చీసేవారు కదా. వచ్చేక ఇంకేటి సెప్తాను? అన్నం ఎట్టేదాన్ని."

ఆయన నా చెయ్యి పట్టుకున్నారు. పైనుంచి అల్లుడు, "అత్తా, కింద బక్కెట్టెట్టు, ఆకులు పడేస్తన్నాను" అని కేకేశాడు. ఆకులు ధబధబా పెరట్లో పడ్డాయి. నేను లేవలేదు. ఈయన నా చెయ్యి ఇంకా వదల్లేదు.