ఐదో వరుసకు నీళ్ళు

మా ఆవిడ షమీమ్‌ను డిసెంబరులో కంకిపాడులో, వాళ్ళ అమ్మ పక్కన ఖననం చేశాం. ఆమె కోరిక అది. మట్టి కుదురుకున్నాక తలవైపు ఒక గోరింట మొక్క నాటి వచ్చాను. మే మొదట్లో అక్కడి మసీదు కమిటీలో నీళ్ళ పని చూసే ఖాదర్ భాయ్ ఫోన్ చేశాడు. "అన్నా, మొక్క ఆకులు రాల్చేస్తోంది. మన లైను మూడో వరుస దాకే. వదినది ఐదోది." ఆ మసీదులో వజూ నీళ్ళు, అంటే నమాజుకు ముందు ముఖం, చేతులు, కాళ్ళు కడుక్కున్న నీళ్ళు, వృథాగా పోనివ్వరు. వడకట్టి వెనక సమాధులుండే ఖబరస్తాన్‌లో చెట్లకు పెడతారు. వాటిని ఇంకో రెండు వరుసలు జరపగలమేమో చూద్దామని బయల్దేరాను. హాస్టల్లోనో అపార్ట్‌మెంట్‌లోనో ఇలాంటి ఏర్పాటు చేసుకోవాలనుకునేవాళ్ళు ఒకసారి వెళ్ళి చూడదగ్గ చోటు. అందుకే రాస్తున్నాను.

వన్ టౌన్‌లో మా ఇంటి నుంచి బస్టాండుకు ఆటోలో పది నిమిషాలు. ఏడుంబావుకు మచిలీపట్నం బస్సు దొరికింది. టికెట్టు ముప్ఫై అయిదు, ప్రయాణం ముప్పావుగంట. పొద్దుటి ఎండ ఎడమ కిటికీల్లోంచి కొడుతుంది, కుడివైపు కూర్చోండి. ఈ దారిలో కిటికీ సీటు షమీమ్‌ది. అలవాటుగా ఇవతలి సీట్లో కూర్చున్నాను. పెనమలూరులో ఎక్కిన పెద్దాయన ఖాళీ సీటు చూపించి "ఎవరన్నా వస్తారాండీ?" అని అడిగాడు. "లేదండీ" అని కిటికీ వైపు జరిగాను. వేసవికి కాలువలు కట్టేశారు. కాలువ కనిపించిన చోటల్లా ఎండిన బురద, గుర్రపుడెక్క.

బస్సు దిగి అయిదు నిమిషాలు నడిస్తే మసీదు. ఖాదర్ భాయ్ దగ్గరుండి చూపించాడు. కుళాయిల కింది నీళ్ళు ముందు కంకర, బొగ్గు, ఇసుక పరిచిన గుంతలోకి, అక్కడి నుంచి సంపులోకి, చిన్న మోటారుతో చెట్లకు వెళ్తాయి. మరుగుదొడ్ల నీళ్ళకు దారి వేరే. సంపులో మోకాలి లోతు కూడా లేదు.

"నీళ్ళు ఆదా చేద్దామని నిరుడు నొక్కుడు కుళాయిలు పెట్టించాం" అన్నాడు. "బ్రహ్మాండంగా ఆదా అయ్యాయి. ఇక్కడికి రావడం మానేశాయి. పైపు వేయడం ఎంతసేపు అన్నా, కానీ అందులో ఏం పారించాలి?"

ఐదో వరుసకు వెళ్ళాను. గోరింటకు కొనల్లో నాలుగైదు ఆకులున్నాయి. రోహిణి కార్తె దాకా నిలిచేలా లేదు. సీసాలో మిగిలిన నీళ్ళు పోశాను.

తిరిగి వస్తుంటే, మసీదును ఆనుకున్న సందులో ఒక బట్టల షాపు వెనకగోడ నుంచి నీళ్ళు కారుతున్నాయి. ఆరు ఏసీల నీళ్ళు ఒకే గొట్టంలోంచి. లీటరు సీసా పట్టి చూస్తే ఎనిమిది నిమిషాల్లో నిండింది. గాలిలోని తేమే కనుక ఉప్పు ఉండదు, మొక్కలకు మంచిదే. రోజుకు నాలుగు ఇరవై లీటర్ల టిన్నులకు తక్కువ కాదు. పరుగులాంటి నడకతో వెళ్ళి మసీదులో ఇమాం గారికి చెప్పాను.

"బాగుంది. కానీ ఆ నీళ్ళు వాళ్ళవి కదా" అన్నారాయన.

"పారబోసే నీళ్ళేనండీ."

"పారబోసుకునే హక్కూ వాళ్ళదే. అడిగి రండి."

షాపు యజమాని రమాదేవి గారు జాకెట్టు గుడ్డ కొలుస్తున్నారు. మసీదు మొక్కలకు కావాలన్నాను. ఆవిడ నవ్వారు. "తీసుకెళ్ళండి బాబూ. సందులో పోయేవాళ్ళ నెత్తిన పడి రోజూ నన్ను తిడతారు. ఆ తిట్లు కూడా మీరే పట్టుకెళ్ళండి."

తిరిగొచ్చి చెప్పాను. ఇమాం గారు ఒకటే అడిగారు. "ఖబరస్తాన్‌కని చెప్పారా?"

చెప్పలేదు. షాపు తెరవగానే సమాధుల మాట ఎత్తితే కాదంటారేమోనని భయపడ్డాను.

"తెలియక ఇచ్చింది ఇచ్చినట్టు కాదు సాబ్" అన్నారాయన.

మళ్ళీ వెళ్ళాను. ముప్ఫై అడుగుల దూరం. చాలాసేపు పట్టింది.

"ఇందాక సగమే చెప్పానండీ. ఆ నీళ్ళు సమాధుల దగ్గరి చెట్లకు. ఐదో వరుసలో మా ఆవిడ ఉంది."

ఆవిడ మీటరు బద్ద కింద పెట్టారు. "ఎన్నాళ్ళయిందండీ?"

"అయిదు నెలలు."

"పేరు?"

చెప్పాను. డిసెంబరు తర్వాత బయటివాళ్ళతో ఆ పేరు అనడం అదే మొదటిసారి.

ఆవిడ అన్నారు, "ఆదివారం షాపు ఉండదండి. ఆ రోజు చుక్క రాదు. మొక్కకెలా మరి?"

"ఆదివారం నేనొస్తానండీ."

ప్లంబరు కూలీతో కలిపి పద్దెనిమిది వందలయింది. నాలుగింటికి గొట్టం సంపుకు కలిసింది. ఖాదర్ భాయ్ లైనును ఐదో వరుస దాకా పొడిగించాడు. సన్నటి ధారే. గోరింట మొదట్లో మట్టి నల్లబడే దాకా నిలబడి, అయిదున్నర బస్సుకు వచ్చేశాను.

మీరూ ఎవరినైనా వాళ్ళు వదిలేసే నీళ్ళు అడగబోతే, అవి ఎక్కడికి పోతాయో మొదటి మాటలోనే చెప్పండి. రెండోసారి వెళ్ళి చెప్పడం కష్టం.

ఆ మొక్కకు ఎంతకాలం నీళ్ళు కావాలో తెలియదు. వేళ్ళు దిగితే గోరింట మన మీద ఆధారపడదంటారు. నిజానికి సంపులో శనివారం నీళ్ళు కొన్ని ఆపితే ఆదివారం సరిపోతాయి. ఖాదర్ భాయ్ బస్సు దాకా వచ్చి ఆ మాటే చెప్పాడు, "ప్రతి వారం నీకెందుకన్నా శ్రమ" అని. విననట్టు ఊరుకుని బస్సెక్కాను.