ఇరవై రెండు సంచులు, ఒక సీసా

మా అత్తగారికి ఎర్రసముద్రం దాటినవాళ్ళ గురించి తెలిసినంతగా మా ఎదురింటివాళ్ళ గురించి తెలియదు. ముప్పై ఏళ్ళు విజయనగరంలో మా చర్చి సండే స్కూలు నడిపిన మనిషి. యూదులు ఏం తింటారు, ఏం కట్టుకుంటారు, ఏది ముట్టుకోరు, అన్నీ ఆవిడకి నోటికి వచ్చు. కాకపోతే ఒక్క యూదుణ్ణి కూడా కళ్ళతో చూడలేదు. ఠాణేలో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి, అక్కడి యూదుల అబ్బాయిని చేసుకుంటానని ఫోన్ చేసిన రోజున ఇంట్లో ఏడవనిది ఆవిడొక్కతే. "ఆళ్ళ గురించి మనం వాకబు సెయ్యక్కర్నేదు పిల్లా. ఏడు తరాలు కాదు, డెబ్బై తరాలు రాసే ఉన్నాయి" అంది.

రిజిస్టరు పెళ్ళి ఠాణేలోనే అయింది. మేం నలుగురం వెళ్ళి వచ్చాం. అల్లుడి బామ్మ మాత్రం రెండు వీధుల అవతల ఉండి కూడా రాలేదు. బయటి పిల్లని చేసుకున్నాడని ఆవిడ కోపం. ఏడాది తిరిగాక అల్లుడి నాన్నగారు ఫోన్ చేసి, శుభకార్యాలప్పుడు వాళ్ళ ఇళ్ళల్లో చేసుకునే మలీదా ప్రార్థన ఈసారి మా ఇంట్లో చేద్దామన్నారు. అటుకులూ కొబ్బరీ పంచదారా కలిపి, చుట్టూ పళ్ళు పేర్చి, దేవుడికి కృతజ్ఞత చెప్పుకుంటారట. ఇరవై రెండు మంది వస్తామన్నారు. బామ్మ కూడా వస్తుందన్నారు. కాస్త ఆగి, "ఆవిడ మీ ఇంట్లో ఏమీ పుచ్చుకోదు, మీరేమీ అనుకోకండి, తిండీ నీళ్ళూ తనే తెచ్చుకుంటుంది" అన్నారు.

అనుకోకుండా ఎలా ఉంటాను? నాకసలే కోపం ముక్కు మీద ఉంటుంది. మా వైపు గుమ్మంలోకి వచ్చిన మనిషి మంచినీళ్ళు ముట్టకుండా వెళ్ళారంటే ఆ ఇంటికీ ఈ ఇంటికీ చెడినట్టే. పైగా మా అమ్మాయి కాపురం చేస్తున్న ఇంటికి ఆవిడ పెద్ద దిక్కు. ఏడాదిగా ఒక్కసారి కూడా బామ్మ తన చేతి టీ తాగలేదని అమ్మాయి ఫోన్‌లో చెప్పి ఏడ్చింది. నాకు ఇంకేమీ అక్కర్లేదు. ఆవిడ నోట్లో మా ఇంటిది ఒక్క ముక్క పడాలి.

వెల్కమ్ బ్యాగుల ఆలోచన అమ్మాయిదే. దిగగానే తలా ఒక సంచీ ఇవ్వాలట. మన వైపు తినేవి నాలుగు రకాలు, నీళ్ళ సీసా, దోమల మందు, ఏ పూట ఏం కార్యక్రమమో రాసిన కాగితం. నాకు మొదట్లో రుచించలేదు. మేం సంచులిచ్చేది వెళ్ళేటప్పుడు. వచ్చీ రాగానే చేతిలో సంచీ పెడితే, ఇంక బయల్దేరండి అన్నట్టు ఉండదూ? "ఇప్పుడందరూ ఇలాగే ఇస్తున్నారమ్మా" అంది అమ్మాయి. సరే అన్నాను.

పొందూరు వెళ్ళి తెల్లటి ఖద్దరు తెచ్చాను. మా వీధి టైలరు ఇరవై రెండు సంచులు కుట్టి, ముచ్చట పడి ఒక్కో సంచీకి రెండేసి ఎర్ర ఉన్ని కుచ్చులు కూడా వేలాడదీశాడు. తెచ్చి మంచం మీద పరిచానో లేదో, మా అత్తగారు కళ్ళజోడు తగిలించుకుని వచ్చింది.

"ఇదేటి, ఉన్నా?"

"ఉన్నే అత్తా. అందంగా లేవూ?"

"అందం నాకెందుకు. రెండు రకాల నూలు ఒక్కసోట కలపకూడదని ఆళ్ళకి కట్టడి ఉన్నాది. తీసీ."

"అది కట్టుకునే బట్టల గురించి కదా. సంచులు కట్టుకోరు."

"బుజానికి తగిలించుకుంటారా, నేదా?"

నలభై నాలుగు కుచ్చులు కూర్చుని పీకాను. టైలరు వారం రోజులు నాతో మాట్లాడలేదు.

అది మొదలు. పాలకోవా తెస్తే, మగవాళ్ళకి తీసిన లాడ్జిలో వాళ్ళు మాంసం తిన్నాక ఇది తింటే పాలూ మాంసమూ కలిసిపోతాయని తీయించేసింది. సబ్బుల్లో ఏ కొవ్వు కలుస్తుందో ఎవరికి తెలుసని సబ్బులు తీయించేసింది. భీమాళి మామిడి తాండ్ర, పలాస జీడిపప్పు గట్టెక్కాయి. చేత్తో చేసింది ఏదైనా ఒకటి ఉండాలని నేను పట్టుబడితే, నువ్వుండలకి ఒప్పుకుంది. అదీ కొత్త గిన్నె కొని, కొత్త గరిటె కొని, ఏ కూరా ఎరగని పొయ్యి మీద చెయ్యాలట. అలాంటి పొయ్యి కోసం ఊరంతా తిరిగి, చివరికి పాస్టరమ్మగారి చుట్టాలు ఇంకా పెట్టె విప్పని స్టవ్వు ఇస్తే తెచ్చాను. ఆ స్టవ్వు మంట నాకు అలవాటు లేదు. ఇంత హంగామా చేసి, తీరా పాకం ముదిరిపోయింది. ఉండ కింద పడితే గచ్చు పగలాలి గాని ఉండ పగలదు.

ఇంక అసలు గొడవ రొయ్యలది. నా రొయ్యల పచ్చడికి శ్రీకాకుళంలోనూ రాజాంలోనూ ఎదురుచూసే చుట్టాలున్నారు. ఇరవై రెండు చిన్న సీసాల నిండా పెట్టి వరసగా పేర్చాను. మా అత్తగారు చూసి గుండె మీద చెయ్యి వేసుకుంది.

"రెక్కలూ పొలుసులూ నేని నీటి జంతువు ఆళ్ళు ముట్టరే. ఒసే, ఆ బామ్మని సంచీ సూపించి తరిమేద్దామనేటి నీ ఉద్దేశం?"

అన్ని సీసాలూ తీసేశాను. నిజం చెప్పొద్దూ, ఒక్కటి తప్ప. అల్లుడికి రొయ్యలంటే ప్రాణం. పెళ్ళయిన కొత్తలో వచ్చినప్పుడు మూడు పూటలూ అదే వేసుకుని తిని, "మా ఇంట్లో చెప్పకండి అత్తయ్యా" అని చేతులు జోడించాడు. పిల్లవాడు అంత ఇష్టంగా తింటే పెట్టకుండా ఉండే కఠిన హృదయం నాకు లేదు. ఒక సీసా కాగితంలో చుట్టి, ఒక సంచీ అడుగున పెట్టి, గుర్తుకి దాని తాడుకి ఎర్ర దారం కట్టాను. ఆ సంచీ నా చేత్తో నేనే అతనికి ఇవ్వాలని అనుకున్నాను.

గురువారం పొద్దున్నే రైలు దిగారు. పొడుగు అంగీలు, గడ్డాలు, చేతికర్రలు ఉంటాయని మా అత్తగారు ఎదురుచూసింది. నైలెక్సు చీరలు, జీన్సు ప్యాంట్లు, చక్రాల పెట్టెలతో దిగినవాళ్ళని చూసి ఆవిడ మొహం వాడిపోయింది. "ఈళ్ళేటే, మన రాజాం బట్టల కొట్టోళ్ళలాగున్నారు" అని నా చెవిలో గొణిగింది. బామ్మ మాత్రం ఆవిడకి నచ్చింది. బక్కపలచటి మనిషి, తొమ్మిది గజాల చీర, చేతిలో తన సొంత నీళ్ళ చెంబు. ఎవరి వంకా చూడలేదు.

అల్లుడు తప్ప మగవాళ్ళంతా లాడ్జికి వెళ్ళిపోయారు. పక్క వాటా ఖాళీగా ఉంటే బామ్మకి, ఆడవాళ్ళకి అక్కడ మంచాలు వేశాం. నేను టీ పెట్టి వచ్చేసరికి మా అత్తగారు సంచులన్నీ పంచేసింది. లాడ్జివాళ్ళకి ఆటోలో పంపించింది కూడా. నేను కుక్కర్ల మూతలు కూడా తీసి చూసి ఇల్లంతా వెతికాను. ఒక్క సంచీ లేదు. చెత్తబుట్టలో ఎర్ర దారం ఉంది.

"అత్తా, ఈ దారం?"

"ఒక సంచీకి నువ్వు నైలాన్ దారం కట్టీసినావు. కత్తిరించి పారేసినాను. నేను సూడబట్టి సరిపోయింది" అంది, మెచ్చుకుంటానేమోనని నా మొహంలోకి చూస్తూ.

ఇరవై రెండిట్లో ఒకటి. మిగతా ఎవరికి వెళ్ళినా నవ్వుకుని ఊరుకుంటారు. దేవుడా, ఆవిడకి మాత్రం కాకూడదు అనుకుంటూ పక్క వాటాలోకి పరుగెత్తాను.

ఆవిడకే వెళ్ళింది. బామ్మ మంచం మీద కూర్చుని సంచీలోంచి ఒక్కొక్కటే తీసి దుప్పటి మీద పేరుస్తోంది. మా అమ్మాయి పక్కన నిలబడి అది ఏమిటో మరాఠీలో చెబుతోంది. గుమ్మంలో అల్లుడు ఉన్నాడు. నా వెనకాలే మా అత్తగారు వచ్చింది. తాండ్ర అయింది. జీడిపప్పు అయింది. నువ్వుండల పొట్లం అయింది. బామ్మ అడుగుకి చెయ్యి పెట్టి, కాగితం విప్పి, సీసా పైకెత్తి వెలుతురులో పట్టుకుని చూసింది. నూనెలోంచి రొయ్యలు ఎర్రగా, స్పష్టంగా కనిపించాయి.

బామ్మ అమ్మాయి వంక చూసింది. అమ్మాయి రంగు మారిపోయింది. అల్లుడు గుమ్మంలోంచి ఒక అడుగు వెనక్కి వేశాడు. ఇంక దాచి లాభం లేదని నేను నోరు తెరిచాను.

"నేనే ఎట్టీసినాను" అంది మా అత్తగారు.

ఆవిడకి ఆ సీసా సంగతే తెలియదు. సీసాని చూసింది, అల్లుడి మొహం చూసింది, నా మొహం చూసింది. అంతే, ముందుకి వెళ్ళి బామ్మ మంచం పక్కన నిలబడింది. "సెప్పమ్మా ఆవిడికి. మీయమ్మ వద్దు వద్దనే అన్నాది. నేనే ముసిల్దాన్ని, మతిమరుపు. మా ఊరెల్లే సంచనుకుని దీంట్లో ఎట్టీసినాను. తప్పయిపోయింది, సెమించమను."

అబద్ధమాడితే దేవుడు చూస్తుంటాడని మూడు తరాల పిల్లలకి చెప్పిన మనిషి. యూదుల ఆచారాల్లో తన అంత తెలిసినవాళ్ళు జిల్లాలో లేరని గర్వపడే మనిషి. ఆ ఆచారం పాటించే మనిషి ముందు, తనకేమీ తెలియదన్నట్టు తల వంచుకుని నిలబడింది. నాకు సిగ్గేసింది. అయినా తెరిచిన నోరు మూసుకున్నాను.

అమ్మాయి మరాఠీలో చెప్పింది. బామ్మ కాసేపు మా అత్తగారిని ఎగాదిగా చూసింది. తరవాత సీసా పట్టుకెళ్ళమని నాకు సైగ చేసి ఏదో అంది. అమ్మాయి బామ్మ మాటలు తెలుగులో చెప్పింది: "పోయిన పండక్కి నేను ఉప్పనుకుని చేపల పులుసులో పంచదార పోశాను. మా కోడలు ఎవరికీ చెప్పలేదు. అందరూ మాట్లాడకుండా తిన్నారు." అమ్మాయి చెబుతుంటే బామ్మ తనే నవ్వడం మొదలుపెట్టింది. మా అత్తగారు కూడా నవ్వేసింది.

బామ్మ మంచం మీద జరిగి చోటిచ్చింది. తన చెంబులో నీళ్ళతో చేతులు కడుక్కుని, నువ్వుండల పొట్లం విప్పి, అది ఎవరు చేశారని అడిగింది. నేనని చెప్పారు. ఏ గిన్నెలో అని అడిగింది. కొత్త గిన్నె, కొత్త స్టవ్వు, నెయ్యి లేదు అని మా అత్తగారు వేళ్ళ మీద లెక్కపెట్టి చెబుతుంటే అమ్మాయి పూస గుచ్చినట్టు మరాఠీలో అప్పజెప్పింది. బామ్మ కళ్ళు మూసుకుని ఏదో ప్రార్థన గొణిగి, ఒక ఉండ నోట్లో వేసుకుంది. ఇంకోటి మా అత్తగారి చేతిలో పెట్టింది.

ఇద్దరికీ కలిపి ఆరు పళ్ళు ఉంటాయేమో. నా పాకం సంగతి చెప్పాను కదా. పావుగంట సేపు ఇద్దరూ పక్కపక్కన కూర్చుని, ఉండ ఈ బుగ్గనుంచి ఆ బుగ్గకి మారుస్తూ చప్పరించారు. అది అయ్యాక బామ్మ మా అమ్మాయిని చూసి టీ అడిగింది. అమ్మాయి వంటింట్లోకి వచ్చి, పాలు పొయ్యి మీద పెట్టి, నా భుజం మీద తల ఆనించి ఏడ్చింది. నేనూ ఏడ్చాను. పాలు పొంగిపోయాయి.

సాయంత్రం అందరూ ఊరు చూడ్డానికి వెళ్ళాక అంట్లు ముందేసుకున్నాను. మా అత్తగారు పక్కన పీట మీద కూర్చుని గిన్నెలు తుడుస్తోంది. అడగకుండా ఉండలేకపోయాను.

"అబద్ధం ఎందుకాడారత్తా? తప్పు నాది కదా."

ఆవిడ గిన్నె తుడవడం ఆపలేదు.

"నువ్వెట్టినావంటే, పిల్ల తల్లి కావాలనే సేసిందంటారు. ఆ మాట దాని ఎనకాల ఠాణే దాకా ఎల్తాది, ఉన్నన్నాళ్ళు ఉంటాది. నేనెట్టినానంటే ముసిల్ది, మతి నేదంటారు. ఆ మాట నాతోటే పోతాది."

ఇరవై ఎనిమిదేళ్ళుగా ఆవిడ ఒకటంటే నేను రెండు అంటూనే ఉన్నాను. ఆ పూట ఆవిడ చేతిలోంచి తుడిచే గుడ్డ లాక్కుని, మిగతా గిన్నెలు నేనే తుడిచాను.